తోటమాలి జీతం, డ్యూకుగారి పన్ను

"పన్ను ఎగవేత నేరం, పన్ను తప్పించుకోవడం నేర్పు" అన్న మాటను ఈమధ్య బాగా చదువుకున్నవారు సైతం నీతిపద్యంలా వల్లిస్తున్నారు. ఆ రెండవ పనికి 'పన్ను ప్రణాళిక' అని పట్టుశాలువా కూడా కప్పారు. ముప్పైయేళ్ళు మాటలకు అర్థాలు చెప్పి బ్రతికినవాణ్ణి. ఆ శాలువా తొలగించి చూడక నాకు తప్పదు.

ఈ వాదానికి మూలపురుషుడు ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూకు. తోటమాలికిచ్చే జీతాన్ని ఆయన పన్ను లెక్కలో మినహాయించుకొనే వీలు లేదు. ఒడంబడిక పత్రం వ్రాసి ఏటా ఇచ్చే సొమ్ముకు ఆ వీలుంది. అందుచేత పత్రం పుట్టింది. మాలి అతడే, తోట అదే, చేసే పనీ అదే! 1935లో ప్రభువుల సభ ఆ పత్రాన్నే మన్నించింది.

ఆ భూతాన్ని మనదేశంలో వదలగొట్టబూనినవారు మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు. 1985నాటి ఆ మెక్‌డోవెల్ వ్యాజ్యమూ మన హైదరాబాదుదే. మద్యంపై ఎక్సైజు సుంకాన్ని కొనేవారే నేరుగా ఖజానాకు కట్టేవారు. కనుక అది తన అమ్మకాల మొత్తంలో చేరదని, దానిపై అమ్మకపు పన్ను చెల్లదని కంపెనీ వాదన. అయిదుగురు న్యాయమూర్తులూ ఆ వాదనను త్రోసిపుచ్చారు. జిత్తులమారులు దింపుకొన్న బరువు అమాయక పౌరుల భుజాలకెక్కుతుందన్న భావాన్ని చిన్నపరెడ్డిగారు తన ప్రత్యేక తీర్పులో వ్రాశారు.

అయితే 2003లో, మారిషస్ ఒప్పందపు వ్యాజ్యంలో, అదే సుప్రీంకోర్టు డ్యూకుగారికి మళ్ళీ పీట వేసింది. 2012లో వొడాఫోన్ గెలిచింది: చేతులు మారింది మనదేశపు టెలిఫోను వ్యాపారం, అమ్ముడైనది మాత్రం కేమన్ దీవుల కంపెనీ వాటా. ఓడిన ప్రభుత్వం ఆ యేడే పాత తేదీలకు వర్తించేలా చట్టం సవరించి, 2021లో వెనక్కు తీసుకొంది. ఆట ముగిశాక నియమం మార్చడాన్ని నేను సమర్థించను. అంతకంటె 2017 నుండి అమలైన 'గార్' నిబంధనలు నయం. పన్ను తప్పించుకోవడమే ముఖ్యోద్దేశమై, వ్యాపారసారం లేని ఏర్పాటును వాటి క్రింద కాదనవచ్చు.

"మీరు భవిష్యనిధిలో దాచి మినహాయింపు పొందలేదా?" అని నన్నడుగుతారు. పొందాను. దాచుకోమని శాసనమే చెప్పింది, నా డబ్బు నిజంగానే అక్కడ చేరింది. డ్యూకుగారి తోటలో మారినది కాగితమొక్కటే. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం తర్కం కాదు, గారడీ.

మాకు జీతం చేతికందకముందే పన్ను విరిచేవారు. సబ్బుబిళ్ళ కొనే కూలీ దాని ధరలోనే పన్ను కడతాడు. 'నేర్పు'ను మెచ్చుకొనే బ్లాగ్మిత్రులు తీర్పుల పేర్లు ఏకరువు పెట్టడం కాసేపు ఆపి, డ్యూకుగారు మిగుల్చుకొన్న సొమ్ము ఎవరి జేబులోనుండి పూడిందో వ్యాఖ్యలలో వివరిస్తే చదువుతాను.