ఆ రైతుకి పిల్లలెంతమంది?

అమెరికన్ కుటుంబాల వంశచరిత్రల్లో తరచూ ఒకే కథ ఎదురవుతుంది. ఫలానా ముత్తాత వర్జీనియా నుంచి పడమటికి వలసెళ్లాడు, అడవి కొట్టి పొలం చేసుకున్నాడు, పిల్లల్ని ప్రయోజకుల్ని చేశాడు. వృత్తి: రైతు. ఆ తర్వాత ఎక్కడో ఓ ముక్క, 'కొందరు బానిసలు కూడా ఉండేవారు' అని. ఆవులూ గుర్రాలూ ఉండేవన్నట్టు. నా గొడవ ఆ 'కూడా'తోనే.

రాబర్ట్ న్యూసమ్ సరిగ్గా అలాంటి రైతే. 1820 ప్రాంతంలో వర్జీనియా నుంచి మిస్సోరీలోని కాలవే కౌంటీకి వచ్చాడు. 1850 నాటికి 800 ఎకరాలు, ఐదుగురు బానిసలు. అప్పటికి భార్య చనిపోయింది. మనం సినిమాల్లో చూసే తెల్ల స్తంభాల బంగళా, వందలమంది బానిసలున్న దొర కాడు. ఊళ్లో పరువున్న సంసారి. ఆ ఏడాది పక్కనే ఉన్న ఆడ్రెయిన్ కౌంటీకి వెళ్లి సుమారు 14 ఏళ్ల పిల్లని కొన్నాడు. పేరు సీలియా. ఇంటికి తెచ్చే దారిలోనే బలాత్కరించాడు. తర్వాత తన ఇంటికి దగ్గర్లోనే ఇటుకలతో చిన్న ఇల్లు కట్టించి అందులో ఉంచాడు.

ఐదేళ్లు గడిచాయి. ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్లలో కనీసం ఒకరికి తండ్రి న్యూసమే. మళ్లీ కడుపుతో ఉండి, జబ్బుపడి, మీ నాన్నని ఆపమని అతని కూతుళ్లని బతిమాలుకుంది. అతను ఆగలేదు. 1855 జూన్ 23 రాత్రి మళ్లీ వచ్చినప్పుడు కర్రతో కొట్టింది. చచ్చిపోయాడు. శవాన్ని తన పొయ్యిలోనే కాల్చేసింది. మర్నాడు ఆ బూడిద ఎత్తిపోయడానికి న్యూసమ్ మనవణ్ణే పిలిచింది, కూలిగా వాల్‌నట్ కాయలిస్తానని. తను మోస్తున్నదేంటో ఆ పిల్లాడికి తెలీదు. వంశచరిత్ర అంటే ఇది కాదా మరి?

ఇక్కడ ఎవరో ఒకరు అంటారు, 'ఆ కాలం అలాంటిది' అని. అంత తేలిగ్గా వదిలేయడానికి లేదు. ఏ స్త్రీనైనా బలవంతంగా చెరచడం నేరమని మిస్సోరీ 1845 చట్టంలోనే ఉంది. సీలియా తరఫు లాయరు జాన్ జేమ్సన్, అమెరికన్ కాంగ్రెస్‌లో సభ్యుడిగా పనిచేసినవాడు, కోర్టులో వాదించింది అదే: 'ఏ స్త్రీనైనా' అన్నప్పుడు బానిస స్త్రీ కూడా వస్తుంది కదా, అలాంటప్పుడు తనని తాను కాపాడుకునే హక్కు ఆమెకీ ఉండాలి కదా? ఆ వాదనని జ్యూరీ ముందు పెట్టడానికి జడ్జి విలియం హాల్ ఒప్పుకోలేదు. అంటే ఆ మాట ఆ కాలంలోనే, నిండు కోర్టులో ఒకరు అన్నారు, విన్నవాళ్లు కాదన్నారు. జైల్లో సీలియాకి బిడ్డ చచ్చి పుట్టింది. డిసెంబరు 21న ఆమెని ఉరితీశారు.

రోజూ డేటాబేస్‌లతో కుస్తీ పడేవాణ్ణి కాబట్టి అప్పటి జనాభా లెక్కల పట్టికలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1850లోనూ 1860లోనూ బానిసలకి వేరే పట్టిక. అందులో పేరు యజమానిది. దాని కింద వయసు, ఆడా మగా, ఒంటిరంగు. అంతే. బానిసగా బతికిన మనిషికి సాధారణంగా మొదటిసారి పేరు దక్కింది 1870 లెక్కల్లో. యజమాని పట్టికలోనేమో 'రైతు' అని నీటుగా ఉంటుంది. 1860లో దాని పక్కనే చరాస్తి విలువ. బానిసల ధర కూడా ఆ అంకెలోనే కలిసిపోయింది. వంశచరిత్ర రాసే మనవలు మొదటి పట్టిక మాత్రమే తెరిస్తే ముత్తాత కష్టజీవిగానే కనిపిస్తాడు, ఆశ్చర్యమేముంది?

అసలు తిరకాసు పిల్లల దగ్గర. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది చట్టం. కాబట్టి న్యూసమ్ పోయాక అతని పెద్ద కొడుకులూ కూతుళ్లూ వారసులు. సీలియాకి పుట్టిన తన బిడ్డ మాత్రం పంచుకోవాల్సిన ఆస్తి. ఇలాంటి రైతుల సంతానం లెక్క రాసేటప్పుడు ఇప్పటికీ ఆ చట్టాన్నే పాటిద్దామా? ముత్తాత చేసినదానికి ఈనాటి మనవలు క్షమాపణ చెప్పాలని నేననడం లేదు, అది వాళ్ల ఇష్టం. వీలునామాలూ, కోర్టు కాగితాలూ, బానిసల పట్టికా కూడా తెరవండి అంటున్నా. తెరిచాక 'పిల్లలు' అన్న చోట దొరికిన వాళ్లందర్నీ రాయండి. పేరు దొరక్కపోతే వయసైనా రాయండి.

మెల్టన్ మెక్‌లారిన్ 1991లో 'సీలియా, ఎ స్లేవ్' పుస్తకం రాయగలిగాడంటే, కోర్టు ఫైలు మిగిలింది కాబట్టి. అదీ ఆమె చంపింది కాబట్టే మిగిలింది.