చేతిలో ఫోను, దూరమున బుద్ధి

తొర్రూరు ప్రాంతపు రైతు మిరపాకుపై మచ్చను ఫోనుతో ఫోటో తీసి, తెగులేదని యడుగును. క్షణములో జవాబు వచ్చును. పెక్కు యాపులలో ఆ లెక్క చేయునది చేతిలోని ఫోను గాదు, ఎచ్చటనో యున్న సర్వరు.

ఈ పద్ధతిని మేము నిందింపము. పెద్ద లెక్కలు చిన్న ఫోనునకు భారము. బ్యాటరీ త్వరగా తరుగును. అయితే ఫోటో పంపుటకును బ్యాటరీ ఖర్చగును. పంపుటయా, ఇచ్చటనే చేయుటయా యని పని జరుగుచుండగనే తూచి నిర్ణయింపవచ్చునని 2010లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాల్గొనిన ‘మావీ’ పరిశోధన నిరూపించినది.

2022లో అమెజాను సర్వరు కేంద్రములు హైదరాబాదునకే వచ్చినవి. దూరము తగ్గినది, పరాధీనత తగ్గలేదు. సిగ్నలందని చేనిగట్టున ఆ బుద్ధి యుండియు లేనట్లే. తెగులు సిగ్నలు వచ్చువఱకు ఆగునా?

ఇది తీరని చిక్కు గాదు. ఆఫ్రికాలో కఱ్ఱపెండలపు తెగుళ్లను గుర్తించు ‘నురు’ యాపు సిగ్నలు లేకయే ఫోనులో పనిచేయునట్లు నిర్మింపబడినది. ప్రజాధనముతో చేయించు వ్యవసాయపు యాపులకైనను ప్రభుత్వమీ నియమమును విధింపవలెను: అత్యవసరమైన పని ఫోనులోనే జరుగవలెను; మిగిలినదే సర్వరునకు పోవలెను.

అదనుకు పొరుగువాని యెడ్లను బదులు తెచ్చుకొనుట తప్పు గాదు. ఆ ధైర్యముతో మన కొట్టమును ఖాళీ చేసికొనుట సేద్యము గాదు, స్వరాజ్యము నంతకంటె గాదు.