సముద్రం చూసొచ్చిన సీమవాళ్ళం

సెలవులొస్తే కర్నూలు, కడప వాళ్ళం విశాఖ రైలెక్కుతాం. కాదంటే గోవా బస్సు. ఆర్కే బీచ్‌లో ప్యాంట్లు పైకి మడుచుకుని అలల్లో నిలబడి, అరకు పచ్చదనాన్ని ఫోన్లలో నింపుకుని వస్తాం. అందులో తప్పేం లేదు. కరువు నేల మీద పుట్టినోళ్ళకు నీళ్ళంటే మోజుండదా? తిరిగొచ్చాక, ఏ చుట్టమో "మీ పక్క చూసేదేముంది?" అని అడిగితే "ఏముందిలే, రాళ్ళూ రప్పలూ" అనేస్తామే, తప్పంతా ఆ జవాబులో ఉంది.

ఆ రాళ్ళ కింద మూడు కిలోమీటర్లకు పైగా బెలుం గుహలున్నాయి. 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. తర్వాత మనం చేసిందేమిటంటే, అందులో చెత్త పోశాం. 1982, 83లలో జర్మనీ నుంచి గుహల పరిశోధకుడు గెబావర్ బృందం వచ్చి లోపలికి పాకి కొలతలు తీసింది. 2002లో గానీ జనానికి తెరవలేదు. ఇప్పుడు రంగు లైట్ల కింద చెమటలు కక్కుతూ సెల్ఫీలు దిగుతాం. ఇది ఒకప్పుడు మన చెత్తకుండీ అని మాత్రం పిల్లలకు చెప్పం.

గండికోట ముచ్చట కొత్తది కాదు. పెన్నా కోసిన ఆ లోయను ఎవరో అమెరికా గ్రాండ్ కాన్యన్‌తో పోల్చాకే మన కంటికి ఆనింది. ఆనాక పోయి సీసాలు పగలగొట్టి, గోడల మీద పేర్లు గీకి వచ్చాం.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో జరిగింది ఇంకా ఘోరం. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైతే, ఆ బూడిద సముద్రం దాటొచ్చి జుర్రేరు లోయలో పేరుకుంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంత ఉత్పాతాన్నీ తట్టుకుని ఇక్కడ మనుషులు బతికారా అని 2007 నుంచి ప్రపంచంలోని పండితులు వాదించుకుంటున్నారు. మనం ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నాం. గడ్డపార పట్టిన కూలిమనిషిని అనడం లేదు, ఆ పూట గడవాలి అతనికి. కాలేజీల్లో చరిత్ర చెప్పిన మనం, సీమ వెనకబాటు మీద సభలు పెట్టిన మనం, పోయి అడ్డం నిలబడలేదు. సముద్రం చూడను అంతదూరం పోయేవాళ్ళం, సముద్రం దాటి మన పొలంలోకే వచ్చినదాన్ని గుర్తుపట్టలేదు.

కలివికోడి విషయంలోనైతే తెలియకపోవడానికి సాకు కూడా లేదు. 1900 తర్వాత కనబడలేదు గనక ఇక లేదనే అనుకున్నారు పక్షి శాస్త్రవేత్తలు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కడప జిల్లా పల్లెల్లో బొమ్మలు చూపించి విచారిస్తే, ఒక వేటగాడు రాత్రిపూట బ్యాటరీ లైటు వేసి దాన్ని పట్టి తెచ్చాడు. లంకమల తుప్పల్లో ఆ పిట్ట తిరుగుతుందని అతనికి ముందునుంచీ తెలుసు. అడిగినవాళ్ళే లేరు. సిద్ధవటం, బద్వేలు బడుల్లో మనం అప్పటికి పిల్లలకు ఆఫ్రికా నిప్పుకోడి గురించి పాఠం చెబుతున్నాం.