పిండికి చలి వేస్తే

సెంటినరీ కాలనీ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి ఆయనకు మొదటి షిఫ్టు. చీకటి ఉండగానే టిఫిను డబ్బా సిద్ధం కావాలి. రాత్రి తొమ్మిదింటికి రుబ్బి, రవ్వ కలిపి, మూత పెట్టిన ఇడ్లీ పిండి తెల్లవారుజామున చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంటున్నదట. "పెళ్ళయి ఏడాది కాలేదు. నా చేతివాసి మంచిది కాదని మా అత్తమ్మ అంటున్నది. నిజమేనా?" అని అడిగారు.

కాదమ్మా. పిండిని పొంగించేది చెయ్యి కాదు, మినపపప్పు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ పప్పును అంటిపెట్టుకొని ఉంటాయి. వాటిలో లూకొనాస్టాక్ అనేదే పొంగుకు మూలమని 1965లో ముఖర్జీ, స్టైన్‌క్రాస్ మొదలైన శాస్త్రజ్ఞులు అమెరికాలో పరిశోధించి ప్రకటించారు. అది విడిచే వాయువును మినపపిండిలోని జిగురు పట్టి ఉంచుతుంది. జిగురు చచ్చిన పాత పప్పయితే ఎవరి చెయ్యి పడినా ఇడ్లీ రాయే.

కలిపిన తరువాత మొదటి కొన్ని గంటలు పైకి ఏమీ కనబడదు. లోపల ఆ జీవులు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతుంటాయి. మంది చాలినంత అయ్యాకనే బుడగలు. విదేశాలలో ఇంట్లో బీరు చేసుకొనేవారికి కూడా ఇదే బెంగట. పాత్ర ఉలకదు పలకదని కంగారు పడతారట. (బీరు సంగతి మీకెలా తెలుసునని మా ఇంట్లో అడిగారు. చదివాను.)

వీటికి 25, 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఎండాకాలంలో రామగుండం ప్రాంతం 45 డిగ్రీలు చూస్తుంది. అప్పుడు పొద్దున రుబ్బింది చీకటి పడేసరికి పులిసిపోతుంది. అక్కడే డిసెంబరు రాత్రి 15 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఎనిమిది గంటల పనికి పదిహేను గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇంకొక మాట. బొగ్గుపొయ్యిలున్న రోజుల్లో, ఆరిన పొయ్యి పక్కన పెట్టిన గిన్నెకు రాత్రంతా కాక తగిలేది. మీ అత్తగారి చేతివాసిలో సగం ఆ పొయ్యిదే కాబోలు!

చలికాలం పోయేదాకా రాత్రి కాక మధ్యాహ్నమే రుబ్బండి. గ్రైండరు వేడెక్కనీయకండి. పాత పిండి ఒక గరిటెడు కలపండి, పాలకు తోడు వేసినట్టు. గిన్నె సగానికే నింపి, గోరువెచ్చని నీళ్ళున్న పెద్ద గిన్నెలో దించి, పాత దుప్పటి కప్పండి. సోడా వేస్తే పొంగు వస్తుంది గాని ఆ పులుపు రాదు.

అప్పటికీ పొంగలేదా? గరిటెతో అంచున కదిపి చూడండి. సన్నని బుడగలు, కాస్త పుల్లని వాసన ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండ తగిలే చోట ఉంచండి. ఆ పూట డబ్బాలోకి సర్వపిండి చేసి పంపండి, దానికి పులియబెట్టే పని లేదు. గులాబిరంగు తిరిగినా, బూజు పట్టినా, కుళ్ళు వాసన వచ్చినా మాత్రం మొగమాటపడక పారబోయండి.

అత్తగారికి నచ్చజెప్పడం ఎలాగంటారా? ఒకే పిండిని రెండు గిన్నెల్లో పొయ్యండి. ఒకటి ఆమెతో కలిపించండి, ఒకటి మీరు కలపండి. రెండూ ఒకే దుప్పటి కింద పెట్టండి. ఏది ముందు పొంగిందో నాకు వ్రాయండి.