ఆగిన కారులో కుంగే బ్రేకు

అమరాపురం నుంచి మడకశిర వెళ్తుంటే గొర్రెల మంద అడ్డొచ్చి కారు ఆపారనుకోండి. తొక్కిపట్టిన బ్రేకు పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోందా? ఇంటికొచ్చాక చదునైన చోట హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కండి. బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కాస్త దిగి ఆగుతుంది. కంగారొద్దు, బూస్టర్ పనిచేస్తోందన్నమాట! ఆగకుండా దిగుతూనే ఉంటే మాత్రం మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగి ఉండొచ్చు. బ్రేకు ఆయిల్ తగ్గలేదు కదా అని ధీమా పనికిరాదు. ఈ లీకు సిలిండర్ లోపలే, చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. ఆయిల్ కూడా తగ్గితే పైపుల దగ్గర, చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడాలి. ఏదైనా సరే, ఆ కారుతో పెనుకొండ హైవే ఎక్కొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.