నాలగిరి ఏ దిక్కుకు నడిచింది?

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి స్తూపం నుంచి వచ్చిన నాలగిరి ఏనుగు ఫలకం ముందు ఎప్పుడు నిలబడినా నాకు కడుపు రగిలిపోతుంది. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కేస్తుంటుంది. కుడివైపుకొచ్చేసరికి అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. చూసినవాళ్లు ఆహా అంటారు, పక్క బొమ్మ దగ్గరికి వెళ్లిపోతారు. కథ ఎడమ నుంచి కుడికే ఎందుకు సాగిందని అడిగేవాళ్లే కనబడరు.

భక్తుడు అటే నడిచాడు కాబట్టి! ఆ ఫలకం స్తూపం చుట్టూ తిరిగిన వేదికలో, అంటే రాతి కంచెలో, ఒక ముక్క. స్తూపాన్ని కుడిచేతివైపు ఉంచుకుని ప్రదక్షిణ చేస్తూ కంచె లోపలి ముఖాన్ని చూడండి. మన అడుగు ఎడమ నుంచి కుడికే పడుతుంది. ఏనుగు మదం అణిగేదీ అటే. దారి వేసిన చెయ్యీ కథ చెక్కిన చెయ్యీ ఒకే ఆలోచనతో కదిలాయి.

కట్టడాన్నీ శిల్పాన్నీ వేరు చేసింది మన భాష కాదు. గుడి కట్టినవాడూ శిల్పే, బొమ్మ చెక్కినవాడూ శిల్పే. శిల్పశాస్త్రంలో పునాదీ ఉంది, విగ్రహం కొలతా ఉంది. పరీక్షల పుస్తకాలొచ్చి వాస్తుకళ ఒక పాఠం, శిల్పకళ ఇంకో పాఠం చేశాయి. వాస్తు అన్న అంత పెద్ద మాటను మనమేమో వంటగది మూలకూ మెట్ల దిక్కుకూ కుదించుకున్నాం.

అమరావతిలో ఈ కోత గునపాలతోనే జరిగింది. 1790ల చివర సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు స్తూపం దిబ్బను తవ్వి ఇటుకలూ రాళ్లూ తరలిస్తున్నారు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. 1859లో వాటిలో నూటికి పైగా ఓడెక్కి లండన్ వెళ్లాయి. తర్వాత మద్రాసులో ఉన్నవాటిని మ్యూజియం గోడలకు సిమెంటుతో తాపడం చేశారు. ఒక కట్టడం ఒంటి మీది చర్మాన్ని ఒలిచి వేరే గోడకు అంటించారన్నమాట!

తీసుకుపోకపోతే సున్నపు బట్టీల పాలయ్యేవి కదా అంటారు. నిజమే. ఎన్నో పలకలు అలా కాలిపోయాయి, కాల్చింది మనవాళ్లే, ఆ సిగ్గూ మనదే. అయినా రాయిని కాపాడినంత మాత్రాన దాని చోటును మరిచిపోయే హక్కు రాదు. లండన్‌లో ఉన్న ఒక పలక మీద స్తూపమంతా చెక్కి ఉంది. ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మీద అయిదు ఆయక స్తంభాలు, పైన అండం, అంటే గుమ్మటం. కూలిపోయిన కట్టడం ఎలా ఉండేదో మనకు చెబుతున్నది ఆ చెక్కడమే. దాన్ని అలంకారమని ఏ నోటితో అంటారు?

రామప్ప గుడికీ ఇదే అన్యాయం చేస్తున్నాం. రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన ఆ గుడిలో మదనికలు, అంటే నల్లరాతి స్త్రీమూర్తులు, స్తంభం నుంచి చూరు కిందికి ఏటవాలుగా నిలిచి ఉంటారు. ఆ ఒంటి ఒంపు ఆ వాలులోంచి పుట్టింది. మన పుస్తకాలు చూరునూ స్తంభాన్నీ కత్తిరించి నాట్యగత్తెను మాత్రం అచ్చేస్తాయి.

మ్యూజియంలో ప్రతి పలక పక్కనా ఇది రాయండి: స్తూపానికి ఏ దిక్కున ఉండేది, నేల నుంచి ఎంత ఎత్తున, లోపలి ముఖమా బయటిదా. పక్కన ఒక నమూనా పటం గీసి, అందులో ఆ రాయి చోటును ఎర్రరంగుతో చూపండి. పిల్లల్ని నాలగిరి ముందు నిలబెట్టి వదిలేయకండి. ఎడమ నుంచి కుడికి నడిపించండి.