మూలనపడిన సైకిళ్లు మన ఆసుపత్రికి ఇవ్వండి



మన కోటబొమ్మాళి చుట్టుపట్ల ఏ ఊరిలోనైనా పది ఇళ్లు తిరిగి చూడండి. పశువుల సాలలోనో, మెట్ల కిందో ఒక సైకిలు పడి ఉంటుంది. ఇంట్లోకి మోటారు సైకిలు రాగానే తాతగారి సైకిలు మూలకు చేరింది. 2017లో మొదలైన ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలు అందుకొన్న సైకిళ్లు కూడా కొన్ని అలాగే ఉన్నాయి. ఆ పిల్లలు చదువు ముగించి అత్తవారిళ్లకో, ఉద్యోగాలకో వెళ్లిపోయారు. సైకిలు మాత్రం టైర్లు చీకిపోయి గోడకు ఆనుకొని ఉంది.

వీటిని పోగుచేసి, బాగుచేయించి, రోగుల ఇళ్లకు వెళ్లేవారి చేతికి ఇచ్చే పని మన ఆసుపత్రి, సంఘము కలిసి మొదలుపెట్టాలని నా అభిప్రాయము.

వార్డు నుండి ఇంటికి వెళ్లిన రోగికి సగం వైద్యం ఇంకా మిగిలే ఉంటుంది. షుగరు పుండుకు కట్టు మార్చాలి. పక్షవాతం వచ్చినవారిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టకపోతే వీపున పుండ్లు పడతాయి. క్షయరోగి కనీసం ఆరు నెలలు మందులు వాడాలి; రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే మానేస్తారు. ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. స్త్రీల సమాజములో వెళ్లే మనసున్నవారు చాలామంది ఉన్నారు. కానీ లోపలి ఊళ్లకు ఆటో నిండేదాకా కదలదు. నడిస్తే పూటకు రెండిళ్లు చూడగలరు, సైకిలుంటే నాలుగైదు. మంచి సమరయుని జాలిని గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము గాని, ఆయనకొక వాహనమున్న సంగతి ఎవరూ ఎత్తరు. అది లేకపోతే దెబ్బలు తిన్న మనిషిని పూటకూళ్ల ఇంటికి ఎలా చేర్చేవాడు?

ఇటువంటి పని ఇతర దేశాలలో జరిగింది. అమెరికాలో 1984లో మొదలైన ఒక సంస్థ పేరు ‘బైక్స్ నాట్ బాంబ్స్’, అంటే బాంబులు కాదు, సైకిళ్లు. జనం వాడి వదిలేసినవాటిని పోగుచేసి నికరాగువా దేశానికి పంపారు. తమ ఊరి పిల్లలకు రిపేరు నేర్పి, బాగుచేసిన సైకిలు వారికే ఇచ్చారు. సునామీ తరువాత 2005లో శ్రీలంకలో పని మొదలుపెట్టిన ‘వరల్డ్ బైసికిల్ రిలీఫ్’ ఆ తరువాత జాంబియాలో ఎయిడ్స్ రోగులను ఇళ్లవద్ద చూసుకొనే వాలంటీర్లకు సైకిళ్లు ఇచ్చింది. అవి కొత్తవే అనుకోండి. కానీ వాటితోపాటు ఊళ్లలో మెకానిక్కులకు శిక్షణ కూడా ఇచ్చింది. నాకు ముఖ్యమనిపించినది ఈ చివరి సంగతే.

పోగుచేయడం ఒక ఆదివారం పని. పంచరు పడిన రోజున చూసే మనిషి లేకపోతే ఆ సైకిలు మళ్లీ పశువుల సాలకే చేరుతుంది. అందుచేత మొదటి రూపాయి మెకానిక్కుకే ఖర్చుపెట్టాలి. పనిలేక షాపు కట్టేసిన పెద్ద మెకానిక్కును ఒకరిని పిలిచి, రోజుకూలి ఇచ్చి, యువజన సంఘం అబ్బాయిలను, అమ్మాయిలను పక్కన కూర్చోబెడదాము. ఫ్రేము గట్టిగా ఉంటే టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు, బేరింగు గోళీలు మార్చుకోవచ్చు. ఫ్రేము విరిగినదాన్ని విప్పి సామాన్లు వాడుకోవచ్చు. బ్రేకు సరిగా పడని సైకిలును మాత్రం ఎంత అందంగా రంగు వేసినా గేటు దాటనివ్వకూడదు. దాటితే ఎక్కినవారు మా క్యాజువాలిటీకే వస్తారు. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. హైవే మీదికి పోరాదు.

“ఈ రోజుల్లో సైకిలెక్కితే నామోషీ కాదా సిస్టరమ్మా?” అని అడిగేవారున్నారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. మన జిల్లాకు 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు దారులకు అడ్డంగా చెట్లు పడి బళ్లు ఆగిపోయాయి. సైకిలైతే చెట్టు మీదుగా ఎత్తి అవతల పెట్టుకోవచ్చు. నామోషీ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

సైకిలు బయటికి తీసేటప్పుడు చేతికి గీసుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం సూది సంగతి అడగండి. తుప్పు వల్ల ఆ జబ్బు వస్తుందని అందరూ అంటారు గాని, దాని క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. సాలలోని సైకిలుకు రెండూ అంటే ఉంటాయి. పాత టైర్లు పెరట్లోకి విసరవద్దు. వాటిలో నిలిచిన వాన నీటిలోనే డెంగ్యూ దోమ పెరుగుతుంది.

ఉచితంగా ఇచ్చి మరచిపోవడం నాకిష్టం లేదు. ఫ్రేము నంబరు, ఇచ్చినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం రిజిస్టరులో ఉండాలి. సందర్శన పని మానినవారు సైకిలు తిరిగి అప్పగించాలి.

పాత ఇనుము కొట్టులో వేస్తే కిలోల లెక్కన నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. ఇవ్వదలచినవారు ముందుగా ఓ.పి. చీటీల కౌంటరులో పేరు, ఊరు రాయించండి. ఎన్ని వస్తాయో తెలిస్తే కమిటీలో మాట్లాడడానికి వీలవుతుంది. తాళం చెవి పోయినా ఫరవాలేదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్